జెర లూజుగా ఉండనీ

నా ఉద్యోగంలో అన్నిటికంటే ఎక్కువసార్లు విన్న మాట ఏదని ఎవరైనా అడిగితే, తడుముకోకుండా చెప్తాను. "మేడమ్, జెర లూజుగా ఉండనీ." స్కూలు యూనిఫారం కొలతలకు పిల్లల్ని తీసుకొచ్చిన తల్లులు ఈ మాట అన్నారు. బ్యాండు మేళం డ్రెస్సులు కుట్టించుకున్నవాళ్లు అన్నారు. చర్చి క్వయర్ గౌన్లు కుట్టించినప్పుడు మా చర్చివాళ్లే అన్నారు. లూజుగా ఉంటే తప్పేముంది, పెద్దయితే పనికొస్తుంది, లావయితే పనికొస్తుంది, చెల్లెలికి పనికొస్తుంది. ఎవరికి పనికొచ్చినా రాకపోయినా, ఇవాళ వేసుకునే మనిషి సంగతి మాత్రం ఎవరికీ పట్టదు. ఈ విషయం నాకు బాగా అర్థమైంది మాత్రం సైకిల్ జెర్సీల దగ్గరే.

నేను పనిచేసింది కార్ఖానా అనే పేటలో ఒక చిన్న కుట్టు యూనిట్‌లో. ముందు వైపు షోరూమ్ లాంటి గది, వెనక కుట్టు మిషన్లు. ఆర్డర్లు రాసుకోవడం, కొలతలు తీయడం, కుట్టినవి ట్రయల్ వేయించి చూడటం నా పని. వచ్చినవాళ్లు నన్ను టీచరమ్మ అనుకునేవాళ్లు, నా గొంతు అలాంటిది. చొక్కా వేసుకుని అద్దం ముందు పొట్ట లోపలికి పీల్చే మగవాళ్లను "గాలి వదలండి సార్" అని గదమాయించేదాన్ని. దానికి ఎవరూ బాధపడలేదు, లేదా బాధపడ్డా నాకు చెప్పే ధైర్యం చేయలేదు.

మా ఓనరు నాకంటే చిన్నవాడు, మాటలు ఎక్కువ, మనసు మంచిది. కటింగ్ మాస్టర్ నాకంటే పెద్దాయన. కంటోన్మెంట్‌లో యూనిఫారాలు కోసి కోసి చెయ్యి తిరిగిన మనిషి. కత్తెర చేతిలో ఉన్నంతసేపూ ఎవరితోనూ మాట్లాడడు, కత్తెర కింద పెడితే ఆపడు.

ఊళ్లో పొద్దున్నే సైకిళ్లు తొక్కే గుంపులు ఎక్కువైన రోజులవి. ప్రతి గుంపుకూ తమ పేరుతో, తమ రంగుతో ఒక జెర్సీ కావాలి. అలా మాకు ఒక ఆర్డరు వచ్చింది. ఆడవాళ్లూ మగవాళ్లూ కలిసి తొక్కే గుంపు. ఆడవాళ్లలో ఒకామె బోయిగూడ నుంచి వచ్చే స్కూలు టీచరు. సన్నగా, నెమ్మదిగా ఉండేది. కొలతలు తీస్తుంటే తనంతట తానే చెప్పింది.

"మేడమ్, పొద్దుగాల ఆ ఒక్క గంట నాది. ఇంట్లకెళ్లి గేటు దాటినంక ఎవరూ నన్ను ఏం అడగరు. వాపస్ వచ్చి గేటు తీసిన్నంటే మల్లా అందరిదాన్ని."

"ఇంట్లో ఏమనరా?" అన్నాను.

"మా అత్తమ్మ జెర భయపడుతది. బట్టలు మాత్రం మంచిగ కప్పుకొని పో అంటది. అందుకే, మేడమ్, జెర లూజుగా..."

"ఉండనీ," అని నేనే పూర్తి చేశాను. ఇద్దరం నవ్వుకున్నాం.

ఇక అసలు సంగతి. సిగ్గుపడుతున్నారు కదా అని ఆడవాళ్లందరికీ కుర్తాల మీదనే టేపు పట్టాం. అక్కడ కాస్త లూజు కలిసింది. దాని మీద వాళ్లే "ఉతికితే గుంజుకపోతది కద" అంటూ ఒక సైజు పైది రాయించుకున్నారు. అది కాటన్ కాదు, ఎన్నిసార్లు ఉతికినా పిసరంత కుదించుకుపోని బట్ట. అయినా చిన్నప్పటినుంచీ ఉన్న అలవాటు బట్ట మారిందని మారుతుందా! తర్వాత ఆర్డరు మా ఓనరు చేతికి వెళ్లింది. ఆయన ఆడవాళ్ల సైజులన్నీ ఇంకొక మెట్టు పైకి జరిపాడు. "లేడీస్ కద, టైట్ అయిందని వాపస్ వస్తే పరేషాన్" అని ఆయన లెక్క. చివరికి మాస్టర్ కోసేటప్పుడు రెండు పక్కలా వేలెడు వేలెడు వదిలాడు. "బట్ట కోసినంక పెంచలేం, తగ్గించొచ్చు" అనేది ఆయన మతం. ఇందులో ఎవరూ ఎవరికీ చెప్పలేదు. దాచి పెట్టాలని కాదు, చెప్పాల్సినంత విషయం అని ఎవరికీ తోచలేదు. అందరం మంచి మనసుతోనే తలా కాస్త కలిపాం.

మగవాళ్లది ఇంకో కథ. వాళ్లందరూ ఒక సైజు చిన్నది అడిగారు, రేసుల్లో తొక్కేవాళ్లలా కనబడాలని. మాస్టర్ కలిపిన వేలెడు వాళ్ల మానం కాపాడింది. అయినా ఒకాయన జిప్పు మెడ దాకా లాగాక ఫోటో అయ్యేదాకా ఊపిరి బిగబట్టుకునే నిలబడ్డాడు.

జెర్సీలు ఇచ్చిన సాయంత్రం మా షట్టర్ ముందు అందరూ వరసగా నిలబడి ఫోటో దిగారు. నిలబడి చూస్తే నిజంగానే బాగున్నాయి. ఆడవాళ్లు ముఖ్యంగా సంతోషపడ్డారు. తుంటి దాకా దిగింది, ఒంటికి అంటుకోలేదు, గౌరవంగా ఉంది. టీచరు అద్దంలో ముందూ వెనకా చూసుకుని, "దీన్ని చూస్తే అత్తమ్మ సుత ఏమనదు" అంది. మా ఓనరు నా వైపు గర్వంగా చూశాడు. నేనూ గర్వంగానే చూశాను.

మర్నాడు పొద్దున గుంపంతా కొత్త జెర్సీలతో కార్ఖానాలో బయల్దేరి, తిరుమలగిరి మీదుగా యాప్రాల్ వైపు వెళ్లింది. యాప్రాల్ మలుపు దగ్గర టీచరు పడిపోయింది. ఎముకలేవీ విరగలేదు. మోచెయ్యి బాగా చెక్కుకుపోయింది, గడ్డం దగ్గర కుట్లు పడ్డాయి. ఇంట్లో సైకిలును మెట్ల కింద పెట్టి గొలుసు వేశారని, గుంపులో ఒకామె ఫోన్ చేసి చెప్పింది.

"ఇసుక మీద చక్రం జారిందట," అంది ఆమె.

"జెర్సీ ఎలా ఉంది?" అని అడిగాను. మనిషి పడిందంటే బట్ట సంగతి అడగడం బాగుండదని నాకూ తెలుసు, కానీ నోరు ఆగలేదు.

"ఏమో మేడమ్. గాలికి మస్తు ఉబ్బుతది. అందరం కప్పలోలె ఉన్నం. జేబుల ఫోన్ పెడితే ఒక దిక్కుకు గుంజుతది."

ఈ మాట మా ఓనరుకు చెప్తే, "సైజులు వాళ్లే ఇచ్చిన్రు కద" అన్నాడు. నిజమే, వాళ్లే ఇచ్చారు. కానీ మిగతా లూజు కూడా వాళ్లే కలిపినట్టు ఉంది ఆ మాట.

కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం టీచరు వచ్చింది. మోచేతికి పట్టీ ఇంకా ఉంది. వెంట వాళ్ల అత్తగారు. ఎత్తైన మనిషి, నేత చీర, చేతినిండా మట్టిగాజులు, ఆ గాజులకు గుత్తిగా పిన్నీసులు. ఆమె సంచిలోంచి జెర్సీ తీసి నా బల్ల మీద పెట్టింది. శుభ్రంగా ఉతికి, మోచెయ్యి దగ్గర చిరిగినచోట నూలు దారంతో కుట్టి, ఇస్త్రీ చేసి మరీ తెచ్చింది.

"ఇది మీరే ఉంచుకోండ్రి మేడమ్. ఇంక మాకు సైకిల్ వద్దు, గీ అంగీ వద్దు. పిల్ల బతికి బయటపడ్డది, గంతే చాలు."

టీచరు గోడకు వేలాడుతున్న జెర్సీల వైపు చూస్తూ నిలబడింది. ఆమె ముఖం చూడగానే నాకు ఆ "ఒక్క గంట" గుర్తొచ్చింది. అలాంటప్పుడు నేను మెత్తబడను, ఇంకాస్త గట్టిగా మాట్లాడతాను. అది నా స్వభావం.

"వాపస్ తీసుకుంటాను. కానీ మా దగ్గర ఒక పద్ధతి ఉంది. వాపస్ తీసుకునే ముందు ఒకసారి వేసి చూడాలి," అన్నాను. అలాంటి పద్ధతి మా దగ్గర ఎప్పుడూ లేదు.

మా ఓనరు ఒకప్పుడు ఉత్సాహపడి కొన్న సైకిలు వెనక గదిలో ఉండేది. దాని హ్యాండిల్ మీద శాంపిల్ చొక్కాలు ఆరేసేవాళ్లం. ఆ చొక్కాలన్నీ తీసేసి సైకిలును ముందు గదిలోకి తెప్పించాను. మగవాళ్లందరినీ టీకి పంపించి షట్టర్ సగం దించాను. టీచరు లోపలికి వెళ్లి జెర్సీ వేసుకుని వచ్చింది.

"నువ్వు ఎక్కు. నేను వెనక సీటు పట్టుకుంటా. అమ్మా, మీరు ముందు హ్యాండిల్ పట్టుకోండి," అన్నాను.

"నేనెందుకు?" అంది అత్తగారు.

"పడకుండా."

ఆ మాట పనిచేసింది. ఆమె కొంగు నడుముకు దోపి, హ్యాండిల్‌ను రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. కోడలు ఎక్కి, రోడ్డు మీద తొక్కేటప్పుడు వంగినట్టు ముందుకు వంగింది. అంతే, ఆ జెర్సీ మెడ జారి ముందుకు వేలాడింది. ఎదురుగా నిలబడ్డ అత్తగారికి లోపలిదంతా కనబడింది. ఆమె గబుక్కున తల పక్కకు తిప్పుకుంది.

"ఏందీ బిడ్డా ఇది! నిలబడితే మంచిగనే ఉండె కద?"

"నిలబడి ఎవరు తొక్కుతరు అత్తమ్మా," అంది టీచరు మెల్లగా.

అప్పుడు నేను పెడెస్టల్ ఫ్యాను వాళ్లకు ఎదురుగా తిప్పి, పెద్ద స్పీడులో పెట్టాను. రోడ్డు మీద తగిలే గాలి అది. జెర్సీ పొట్ట దగ్గర బుస్సున ఉబ్బింది. అంచున ఒంటిని పట్టుకుని ఉండాల్సిన ఎలాస్టిక్ పట్టీకి పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు, అది వీపు మీదికి జరిగింది. నడుం దగ్గర వీపు బయటపడింది. వెంటనే టీచరు కుడిచెయ్యి హ్యాండిల్ వదిలి వెనక్కి వచ్చి, జెర్సీని కిందికి గుంజింది. సైకిలు ఎడమకు ఒరిగింది. అత్తగారు పళ్లు బిగించి ఆపింది.

"ఎందుకు ఇడిసిపెట్టినవ్ చెయ్యి?" అని కసిరింది.

"వెనక సర్దుకున్న."

అత్తగారు కోడలి ముఖంలోకి చూసింది.

"ఆ దినం సుత గిట్లనే చేసినవా?"

టీచరు తల దించుకుంది. "వెనక లారీ హారన్ కొట్టింది అత్తమ్మా. వానికి ఏం కనబడుతదో అని చెయ్యి పోయింది. ఇసుక లేదు, ఏం లేదు. మీరు ఇంకా భయపడుతరని చెప్పలే."

అత్తగారి చేతులు హ్యాండిల్ మీదనే ఉన్నాయి, కానీ ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నా వైపు తిరిగి చెప్పింది. కోడలితో చెప్పలేక నాతో చెప్పినట్టు అనిపించింది.

"రోజు గేటు కాడ నిలబడి నేనే అంటుంటి. 'బిడ్డా, వెనక గుంజుకో, వెనక గుంజుకో' అని. సైకిల్ ఎక్కినంక సుత ఒర్రుతుంటి. ఆ మాటనే పట్టుకున్నది పిల్ల. నేనే పడగొట్టుకున్న."

"అట్ల కాదు అత్తమ్మా," అంది టీచరు. గడ్డం మీద కుట్ల గుర్తు ఇంకా ఎర్రగానే ఉంది. "మీరు అనకున్నా నా చెయ్యి పోతుండె."

అదీ నిజమే. మనలో ఎవరికి పోదు చెప్పండి! బస్సు ఎక్కుతూ, మెట్లు దిగుతూ, వంగి చెప్పులు తొడుక్కుంటూ, మన చెయ్యి వెనక్కి వెళ్తూనే ఉంటుంది. నాదీ వెళ్తుంది. దాన్ని ఎవరు నేర్పారో మనకు గుర్తుండదు.

తర్వాత జరిగింది నేను అనుకున్నది కాదు. చిన్న సైజు జెర్సీ తెచ్చి చూపించాలని నేను లోపలికి వెళ్లబోతున్నాను. అత్తగారు ఆపింది.

"ఆగుండ్రి మేడమ్. మీరు జెర ఈ హ్యాండిల్ పట్టుకోండ్రి."

నేను ముందుకు వెళ్లి పట్టుకున్నాను. ఆమె వెనక్కి వచ్చి, గాజులకున్న పిన్నీసులు ఒక్కొక్కటీ తీసింది. కోడలిని వంగే ఉండమని, భుజాల మధ్య ఎక్కువైన బట్టను మడిచి ఒక పిన్నీసు పెట్టింది. ముందు వైపు మెడ వేలాడటం కాస్త తగ్గింది. ఇంకా గుంజి ఇంకొకటి పెట్టింది, మెడ ఒంటికి ఆనింది. పక్కల దగ్గర, నడుం దగ్గర, అంచు దగ్గర, పిన్నీసులు అయిపోయేదాకా పెట్టింది. "వంగు. ఇంకా వంగు. గుచ్చుకున్నదా? మంచిగ ఊపిరి తీస్కో" అంటూ చుట్టూ తిరిగింది. ట్రయల్‌లో ఏం అడగాలో నేను ఎన్నేళ్లుగానో అడుగుతున్నాను, కానీ "ఊపిరి తీస్కో" అని మాత్రం ఎప్పుడూ అడగలేదు. మగవాళ్లను ఊపిరి వదలమనడం తప్ప నాకు వేరే తెలీదు.

హ్యాండిల్ ఆమెకు అప్పగించి మళ్లీ ఫ్యాను తిప్పాను. జెర్సీ కదల్లేదు. అలవాటు కొద్దీ టీచరు చెయ్యి వెనక్కి వెళ్లింది, అంచు ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది, గుంజడానికి ఏమీ దొరక్క చెయ్యి తిరిగి హ్యాండిల్ మీదికి వచ్చింది. "అయ్యో," అని ఆమె నవ్వింది. పడిన తర్వాత ఆమె నవ్వడం మళ్లీ అప్పుడే చూశాను.

సైకిలు దిగి నిలబడగానే అత్తగారు మళ్లీ మొహం చిట్లించింది. ముందు పొట్టిగా అయింది, భుజాల దగ్గర పట్టేసినట్టుంది, ఒళ్లంతా తెలుస్తోంది. "దిగినంక మాత్రం మీదికెళ్లి ఒక అంగీ ఏస్కో," అంది. "సరే అత్తమ్మా" అంది కోడలు. ఆ ఒప్పందంతో జెర్సీ వాపస్ తీసుకునే మాటా, సైకిలుకు వేసిన గొలుసూ పోయాయి. ఆ పద్ధతి మా దగ్గర లేదన్న సంగతి నేను ఇప్పటికీ వాళ్లకు చెప్పలేదు.

పిన్నీసులతో సహా ఆ జెర్సీని మాస్టర్ బల్ల మీద పరిచాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, టేపు పట్టి చూసి, కత్తెర కింద పెట్టేశాడు.

"ఎవరు పెట్టిన్రమ్మా పిన్నీసులు?"

"వాళ్ల అత్తగారు."

"టేపు సుత లేకుండా?"

"గాజులున్నాయి కదా మాస్టర్."

మేమందరం కలిపినవన్నీ తీసేస్తే ఏ సైజు వస్తుందో, పిన్నీసులు సరిగ్గా అక్కడికే వచ్చాయి. ఒక్క వెనక భాగం మాత్రం ముందుదాని కంటే ఇంకొంచెం పొడుగు కోయాల్సి వచ్చింది, వంగినప్పుడు వీపు పొడుగవుతుంది కాబట్టి. ఆయనకు ఒకటే ప్రశ్న వేశాను. "మాస్టర్, వేలెడు?" ఆయన కొంతసేపు బాధగా చూశాడు. "వేలెడు కాదమ్మా, వెంట్రుకంత సుత కలపను," అన్నాడు. సగం వేలు కలిపి ఉంటాడని నా అనుమానం. తర్వాత గుంపులో ఆడవాళ్లందరినీ పిలిపించి, ఆ సైకిలు ఎక్కించి, ఫ్యాను పెట్టి, ఒక్కొక్కరికీ ట్రయల్ వేయించాను. మా ఓనరు మొదట సణిగాడు, తర్వాత సైకిలుకు నూనె కూడా పెట్టించాడు. ఊపిరి బిగబట్టిన ఆయనకు మాత్రం ఒక సైజు పెద్దది ఇచ్చి, లేబుల్ కత్తిరించేశాను. ఆయన అదే పాత సైజనుకుని, "ఇప్పుడు సెట్టయింది మేడమ్, బరువు తగ్గిన" అన్నాడు. తగ్గారు సార్ అన్నాను.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలకు నేను చెప్పగలిగింది ఇంతే. నిలబడిన మనిషికి కొలతలు తీయడం రెండు పూటల్లో వస్తుంది. ఆ మనిషి ఆ బట్ట వేసుకుని ఏం చేస్తుందో అడగండి, ఆ పని చేయించి చూడండి. బిగుతుగా ఉండాలా, లూజుగా ఉండాలా అని అద్దాన్ని అడిగితే అది అబద్ధం చెప్తుంది. రోజంతా నెమ్మదిగా తొక్కేవాళ్లకు పొట్ట దగ్గర కాస్త వదులు కావాలి, అది వేరే మాట. అది వాళ్ల సుఖం కోసం వదలండి, మీ భయం కోసం వదలకండి. ఇదంతా నేను చాలామందికి చెప్పాను. వినేవాళ్లు విన్నారు, మిగతావాళ్లు ఇప్పటికీ జెర లూజుగానే కుడుతున్నారు.

కొత్త జెర్సీలతో గుంపు మళ్లీ బయల్దేరిన రోజు, బట్ట రోడ్డు మీద ఎలా ఉంటుందో చూడాలని నేను యాప్రాల్ మలుపు దగ్గరికి వెళ్లాను. అక్కడ టీ కొట్టు బల్ల మీద వాళ్ల అత్తగారు అప్పటికే కూర్చుని ఉంది. ఆటోలో వచ్చిందట. కోడలికి చెప్పలేదట.

"గేటు కాడ ఇయ్యాల ఏమన్నారు అక్కా?" అని అడిగాను.

"ఏమనలే. నోరు మూస్కొని నిలబడ్డ. మస్తు తక్లీఫ్ అయింది," అంది.

సైకిళ్లు వచ్చాయి. ముందు మగవాళ్లు, వెనక ఆడవాళ్లు, వాళ్లలో మా టీచరు. మలుపు దగ్గరికి వచ్చేసరికి వెనకనుంచి ఒక లారీ గట్టిగా హారన్ కొట్టింది. నా పక్కన కూర్చున్న ఆమె ఉలిక్కిపడి లేచింది. ఆమె చెయ్యి తనకు తెలియకుండానే వెనక్కి వెళ్లి, తన వీపు మీద కొంగు గుంజుకుంది. రోడ్డు మీద కోడలు రెండు చేతులూ హ్యాండిల్ మీదనే ఉంచి, మలుపు తిరిగి వెళ్లిపోయింది. మమ్మల్ని చూడలేదు.

లారీ దుమ్ము తగ్గేదాకా ఆమె అటే చూస్తూ నిలబడింది. తర్వాత నా భుజం పట్టుకుంది.

"సూసినవా చెల్లె," అంది. "చెయ్యి పోలే."